ఎర్నాకుళంలో యూదుల సమాజ మందిరం ముందు చేపల షాపు: నా ఓటు ఐదుకి ఐదు

మాది మల్కాజిగిరి. ఇంట్లో మూడడుగుల ట్యాంక్ ఒకటి, బాల్కనీలో రెండు టబ్బులు ఉన్నాయి, చేపలు పెంచడం మొదలుపెట్టి పదకొండేళ్లవుతోంది కాబట్టి ఏ ఊరికి పోయినా ముందు అక్కడ అక్వేరియం షాపు ఎక్కడుందో కనుక్కోవడం నాకు అలవాటైపోయింది. మొన్న దసరా సెలవుల్లో కొచ్చి వెళ్లాం, నేను, మావారు, ఎనిమిదో క్లాసు చదివే మా బాబు, మా అత్తమ్మ. మా పిన్ని కొడుకు కాక్కనాడ్‌లో ఇన్ఫోపార్క్‌లో జాబ్ చేస్తాడు, వాడింట్లోనే దిగాం. వెళ్లిన రోజు సాయంత్రమే వాణ్ణి అడిగా, ఇక్కడ మంచి చేపలు ఎక్కడ దొరుకుతాయిరా అని. వాడు కాసేపు ఆలోచించి "అక్కా, నీకు ఒక షాపు చూపిస్త, గని అది ఒట్టి షాపు కాదు, లోపటికి పోయినంక నువ్వే చూడు" అన్నాడు. ఇంకేం చెప్పలేదు, ఎంత అడిగినా చెప్పలేదు.

షాపు పేరు కొచ్చిన్ బ్లోసమ్స్. ఎర్నాకుళంలో బ్రాడ్‌వే మార్కెట్ పక్కన జ్యూ స్ట్రీట్ అని ఒక ఇరుకు వీధి ఉంది, మన బేగంబజార్ లోపలి గల్లీల్లాగా ఉంటుంది, హోల్‌సేల్ షాపులు, దించే సరుకు, ఎక్కించే సరుకు, మధ్యలో మనుషులు. కారు తీసుకెళ్లొద్దు, నా మాట వినండి, మెట్రోలో ఎంజీ రోడ్ స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకోండి, ఆటో వాళ్లతో మాత్రం యూదుల గుడి అని ఊరికే అంటే మట్టంచేరి తీసుకెళ్లే ఛాన్స్ ఉంది ఎందుకంటే టూరిస్టులందరూ పోయేది అక్కడికే. ఎర్నాకుళం జ్యూ స్ట్రీట్, మార్కెట్ రోడ్డు అని గట్టిగా చెప్పాలి.

బయట నుంచి చూస్తే మామూలు నర్సరీ. మొక్కల కుండీలు, వేలాడదీసిన ఫెర్న్‌లు, ఆ తర్వాత గోడ వెంబడి గాజు ట్యాంకులు, ఎయిర్ పంపుల చప్పుడు, ఆ తడి వాసన. చేపలు పెంచేవాళ్లకి ఆ వాసన తెలుస్తుంది, నాచు, తడి ఇసుక, చేపల మేత కలిసిన వాసన, నాకైతే ఇంటికొచ్చినట్టే అనిపిస్తుంది. మా బాబు గప్పీల ట్యాంక్ ముందు కూర్చుండిపోయాడు. నేను నా అలవాటు ప్రకారం ఒక్కో ట్యాంక్ దగ్గర ఆగి చేపల్ని పరీక్షగా చూడ్డం మొదలుపెట్టా.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, రెండేళ్ల కింద మన సిటీలోనే ఒక షాపులో, పేరు చెప్పను, నాలుగు ప్లాటీలు కొన్నా, అమ్మేటప్పుడు ఏం కాదు మేడం అన్నారు, ఇంటికి తెచ్చిన మూడో రోజుకి వాటి ఒంటి మీద పంచదార పలుకులు చల్లినట్టు తెల్ల చుక్కలు, వారంలో నా ట్యాంక్ సగం ఖాళీ అయిపోయింది. ఆరేళ్ల నుంచి ఉన్న ఏంజెల్ చేప కూడా పోయింది, దాన్ని నేను బొటనవేలు గోరంత సైజులో ఉన్నప్పుడు తెచ్చా, నేను దగ్గరికొస్తే గాజు దగ్గరికి వచ్చేది. అప్పట్నుంచి చేపని కొనేముందు పది నిమిషాలు నిలబడి చూస్తా. రెక్కలు ముడుచుకుని ఉందా విప్పుకుని ఉందా, గులకరాళ్లకి ఒళ్లు రుద్దుకుంటోందా, నీటి పైకొచ్చి నోరు తెరుస్తోందా, మేత వేస్తే వస్తోందా. ఇక్కడ నేను చూసిన ట్యాంకుల్లో చేపలు రెక్కలు విప్పుకుని చురుగ్గా తిరుగుతున్నాయి, నీళ్లు తేటగా ఉన్నాయి, ఒక్క చచ్చిన చేప కనపళ్లేదు. చేపల షాపుకి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఉండదు.

అప్పుడు మా తమ్ముడు "అక్కా, ఇగ రా" అని వెనక వైపు తీసుకెళ్లాడు. ట్యాంకులు అయిపోయిన చోట ఒక తలుపు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టా. నిజంగా చెప్తున్నా, ఒక్క క్షణం ఊపిరి ఆగింది. వెనక ఇంకా పంపుల బుడబుడ వినిపిస్తూనే ఉంది, ముందు మాత్రం చెక్క సీలింగు ఉన్న పెద్ద హాలు, పైనుంచి వేలాడుతున్న గాజు దీపాలు, హాలు నడిమధ్యలో కొంచెం ఎత్తుగా ఇత్తడి కమ్ములు చుట్టిన వేదిక, ఎదురుగా పడమటి గోడకి చెక్కతో చెక్కిన, బంగారు రంగు మెరిసే పెద్ద మందసం లాంటిది, దానికి పరదా. ఆ ఇత్తడి కమ్మి దగ్గరగా చూశా, చేతులు ఆనే చోట అరిగి నునుపుగా ఉంది, మా ఊళ్లో శివాలయం గర్భగుడి గడప ఎలా అరిగి ఉంటుందో అలా. ఎన్ని తరాల చేతులు పడితే ఇత్తడి అలా అవుతుంది.

అది యూదుల ప్రార్థనా మందిరం, సినగాగ్. మిషనరీ స్కూల్లో చదివినవాళ్లకి సమాజ మందిరం అంటే వెంటనే తెలుస్తుంది, తెలుగు బైబిల్లో ఉండే మాట అదే. నేను కూడా అలాంటి స్కూల్లోనే చదివా, అసెంబ్లీలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో, కానీ అది ఎలా ఉంటుందో ఈ వయసుదాకా చూడలేదు. చేపలు కొందామని వెళ్లి చూశా.

దీని పేరు కడవుంభాగం సినగాగ్. కడవు అంటే మలయాళంలో పడవలు ఆగే రేవు, భాగం అంటే మన భాగమే, రేవు పక్కది అని అర్థం. అదే ఏరియాలో ఇంకోటి ఉంది, తెక్కుంభాగం, అంటే దక్షిణం పక్కది. మొదట 1200లో కట్టారని చెప్తారు, ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడం 1700 నాటిదని అంటారు. కేరళ సినగాగ్‌లకి ఒక ప్రత్యేకత ఉంది, ఇంకెక్కడా లేదట, గ్రంథం చదివే వేదిక కింద హాల్లో ఒకటి కాకుండా మేడ మీద కూడా ఇంకోటి ఉంటుంది. ఆ మేడ మీద వేదిక వెనకాలే ఆడవాళ్లు కూర్చునే చోటు. పైకి చూస్తే ఆ రెయిలింగ్ ముందుకి గుండ్రంగా పొడుచుకొచ్చి ఉంటుంది. అంటే ఆ రోజుల్లో మేడ మీద చదువుతున్నప్పుడు ఆడవాళ్లు గ్రంథానికి అందరికంటే దగ్గరగా ఉండేవాళ్లు. కొచ్చి యూదు ఆడవాళ్లకి మలయాళంలో పాటల నోటు పుస్తకాలు ఉండేవి, పెళ్లి పాటలు, బైబిల్ కథల పాటలు, తల్లి నుంచి కూతురికి వచ్చినవి. మన ఆడవాళ్లు మంగళహారతులు నోటు పుస్తకంలో రాసుకుని దాచుకున్నట్టే కదా అని అత్తమ్మతో అంటే, "నాది ఇంకా ఉంది, బీరువాల" అంది.

మరి ఇంత గుడిలో చేపల షాపు ఏంటి అని మీరు అడుగుతారు, నేనూ అడిగా. ఇజ్రాయెల్ దేశం 1948లో ఏర్పడింది, కొచ్చి యూదులు ఎక్కువమంది 1954, 55 ప్రాంతంలో అక్కడికి వెళ్లిపోయారు, రెండు వేలమందికి పైగా. వాళ్లని ఇక్కడ ఎవరూ తరమలేదు, ఆ మాట వాళ్లే గర్వంగా చెప్పుకుంటారట, కేరళలో మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు అని. క్రీ.శ. 1000 ప్రాంతం నాటి రాగి శాసనం ఉంది, భాస్కర రవివర్మ అనే రాజు జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి 72 హక్కులు ఇస్తూ రాయించింది, పల్లకీ ఎక్కొచ్చు, గొడుగు పట్టించుకోవచ్చు లాంటివి. అంత గౌరవంగా బతికిన చోటు వదిలి వెళ్లారంటే అది భయంతో కాదు, వాళ్ల మొక్కు లాంటిది, రోజూ ప్రార్థనలో తలుచుకునే ఊరికి వెళ్లిపోయారు. ఇంకో విషయం, వాళ్ల ఆచారం ప్రకారం సామూహిక ప్రార్థనకి పదిమంది పెద్ద మగవాళ్లు ఉండాలి. తొమ్మిది మంది ఉన్నా కుదరదు. ఇళ్లు ఒక్కొక్కటి ఖాళీ అవుతూ వచ్చి చివరికి ఆ పదిమంది కూడా లేకుండా పోయారు, 1972లో ఇక్కడ ప్రార్థనలు ఆగిపోయాయి.

తాళం వేసి వెళ్లిపోయి ఉంటే ఈపాటికి కేరళ వానలకి ఆ చెక్క సీలింగు ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. అలా వదిలేయలేదు. వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయిన ఆ సమాజం ఆయనే ఒకాయన తాళంచెవి తీసుకుని, ముందు భాగంలో మొక్కలు, చేపల వ్యాపారం పెట్టి, వెనక హాలుని కాపాడుకుంటూ వచ్చారు. రోజూ పొద్దున్న షాపు తెరవాలి కాబట్టి తలుపు తెరుచుకుంటుంది, గాలి ఆడుతుంది, ఎక్కడైనా కారితే అదే రోజు తెలుస్తుంది, చెద పడితే కంటపడుతుంది. ఈమధ్య బాగా మరమ్మతులు చేయించి, మళ్లీ తోరా, అంటే వాళ్ల పవిత్ర గ్రంథం, దాని చుట్ట కూడా పెట్టి మందిరానికి పూర్వపు రూపం తెచ్చారు. నేను పదకొండేళ్ల నుంచి ట్యాంక్ చూసుకుంటున్నా కాబట్టి రోజూ చూడ్డం అనే దాని విలువ నాకు తెలుసు, వారం ఊరెళితేనే ఫిల్టర్ మూసుకుపోతుంది, నీళ్లు పచ్చబడతాయి. అలాంటిది ఒక మందిరాన్ని నలభై ఏళ్లకు పైగా కనిపెట్టుకుని ఉండడం అంటే మాటలు కాదు. ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలి, నేను మనసులో పెట్టుకునే వచ్చా.

అత్తమ్మకి మాత్రం మొదట నచ్చలేదు. "దేవుని ఇంట్ల బేరాలేందే" అంది నాతో మెల్లగా. ఆమె చాదస్తం అని నేను అనను, ఆమె బాధ నిజమైంది, మా ఊళ్లో పాత గుడి మండపంలో ఎరువు బస్తాలు వేస్తే ఆమె ఒక్కతే సర్పంచ్ ఇంటికి పోయి కొట్లాడి తీయించింది. మా తమ్ముడు ఆమెకి వివరంగా చెప్పాడు, మందసం ఉన్న హాల్లో బేరం లేదు అత్తమ్మా, ముందు వరండా లాంటి దాంట్లోనే అని. కేరళ సినగాగ్‌లకి అసలు హాలుకి ముందు ఒక గది ఉంటుంది, దాన్ని అజారా అంటారు, మన గుళ్లల్లో ముఖమండపం లాంటిది. షాపు ఆ ముందు భాగం వరకే. అయినా ఆమె ఏం మాట్లాడకుండా లోపల చాలాసేపు నిలబడింది. మందసం ముందు వేలాడే దీపం చూపించి అది ఎప్పుడూ వెలిగే దీపం అని చెప్తే "అఖండమా" అని అడిగింది. అవును అఖండమే అన్నా. ఆమె అటు తిరిగి దండం పెట్టుకుంది. బయటికొచ్చాక ట్యాంకుల ముందు స్టూలు మీద కూర్చుని మా బాబుతో "మన యాదగిరిగుట్ట గుండంల చేపలుండె రా, బొరుగులేస్తే గుంపుగ వస్తుండె" అని మొదలుపెట్టింది. ఆమెకి ఆ చోటు నచ్చిందో లేదో నేను అడగలేదు.

తర్వాతి రోజు మట్టంచేరి వెళ్లాం. అందరూ వెళ్లే పరదేశి సినగాగ్ అక్కడే, 1568లో కట్టింది, నేల మీద చైనా నుంచి తెచ్చిన నీలం తెలుపు పలకలు, చేత్తో బొమ్మలు వేసినవి, బయట గడియార స్తంభం 1760లో ఎజెకియల్ రాహబి కట్టించింది. అందంలో దానికి తిరుగులేదు, తప్పకుండా చూడండి, కానీ శుక్రవారం మధ్యాహ్నం నుంచి మూసేస్తారు, శనివారం మొత్తం ఉండదు, అది వాళ్ల విశ్రాంతి దినం, ప్లాన్ వేసుకునేటప్పుడు ఇది చూసుకోకపోతే అంత దూరం వెళ్లి తలుపు చూసి రావాల్సి వస్తుంది. జనం చాలా ఎక్కువ, గైడ్లు ఒకరి మీద ఒకరు గట్టిగా చెప్తూ ఉంటారు, పలకల్ని తీరిగ్గా చూడాలంటే తెరవగానే వెళ్లిపోవాలి.

నన్ను కదిలించింది దానికి కొంచెం దూరంలో ఉన్న ఇంకో కట్టడం. దాని పేరు కూడా కడవుంభాగమే, మట్టంచేరి కడవుంభాగం, 1544 నాటిది. అదే కథ, 1955 ప్రాంతంలో జనం వెళ్లిపోయారు, తర్వాత అది కొబ్బరి పీచు సరుకు దాచే గోదాం అయింది. లోపలి చెక్కడపు పని విప్పి తీసుకెళ్లి జెరూసలేంలో ఇజ్రాయెల్ మ్యూజియంలో మళ్లీ బిగించారు, అక్కడ భద్రంగా ఉంది. ఇక్కడ గోడలు మిగిలాయి. 2019లో వానలకి ముందు భాగం కూలిపోయింది. రెండు మందిరాలదీ ఒకే పేరు, ఒకే సమాజం, ఒకే వలసతో ఖాళీ అయ్యాయి. ఒకదాంట్లో రోజూ మనిషి కూర్చున్నాడు, ఇంకోదాంట్లో బస్తాలు కూర్చున్నాయి. వాడకం అంటే అన్ని వాడకాలూ ఒకటి కాదు అని నాకు అక్కడ నిలబడితే అర్థమైంది. గోదాంకి ఎవడూ రోజూ పైకప్పు చూడడు, సరుకు తడిస్తే సరుకు గురించే బాధపడతాడు.

పారవూర్ కూడా వెళ్లాం, ఎర్నాకుళం నుంచి గంట పైనే పట్టింది. అక్కడి సినగాగ్ 1616 నాటిది, ముజిరిస్ హెరిటేజ్ ప్రాజెక్ట్ కింద ప్రభుత్వం బాగుచేసి కేరళ యూదుల చరిత్ర మ్యూజియం చేసింది. అసలు మందసం ఇజ్రాయెల్ వెళ్లిపోయింది, ఇక్కడ ఉన్నది దానికి నకలు. వీధి గేటు దగ్గర నుంచి హాలు దాకా స్తంభాలతో పొడవాటి నడవా ఉంది, అందులో నడుస్తుంటే చల్లగా, హాయిగా ఉంటుంది. చేందమంగలం అక్కడికి దగ్గరే, అక్కడి సినగాగ్ కూడా మ్యూజియమే, దాని ముందు సారా అనే ఆమె సమాధి రాయి ఉంది, 1269 నాటిది, మన దేశంలో దొరికిన హీబ్రూ రాతల్లో అదే అన్నింటికంటే పాతదట. రాణి కాదు, మత గురువు కాదు, ఇజ్రాయెల్ అనే అతని కూతురు సారా అని రాసుంది. మా బాబు ఆ రాయి ముందు కూర్చుని అక్షరాలు నోటు పుస్తకంలో దించుకున్నాడు, కుడి నుంచి ఎడమకి రాస్తారు అని చెప్తే మళ్లీ కొట్టేసి మొదట్నుంచి వేశాడు. ఈ మ్యూజియంలు బాగున్నాయి, శుభ్రంగా ఉన్నాయి. కానీ నాకు ఎర్నాకుళం షాపు దగ్గర కలిగిన ఫీలింగ్ ఇక్కడ కలగలేదు, మ్యూజియంలో అంతా అయిపోయిన విషయంలా ఉంటుంది, అక్కడ ఇంకా జరుగుతోంది.

ఇంటికొచ్చాక ఇది మనసులోంచి పోవడం లేదు, ఎందుకంటే మన సిటీలో కూడా ఇదే చూస్తున్నాం. మొజంజాహీ మార్కెట్ చూడండి, 1935లో కట్టిన రాతి బిల్డింగు, మా చిన్నప్పుడు మసి పట్టి, ఫ్లెక్సీలు కట్టి ఎలా ఉండేదో, 2020లో బాగుచేసి ఇచ్చాక ఇప్పుడు సాయంత్రం పూట పిల్లల్ని తీసుకుని వెళ్లి ఐస్‌క్రీమ్ తింటూ ఆ గడియారం కింద కూర్చుంటున్నాం. అందులో షాపులు పోలేదు కాబట్టే అది బతికింది. అదే సిటీలో తాళం వేసిన పాత దేవిడీలు, అంటే నవాబుల కాలం నాటి పెద్ద బంగళాలు, ఎన్ని చూశాను, గోడలోంచి రావి మొక్క మొలిచిందంటే ఇంక దాని పని అయిపోయినట్టే, రెండు వానాకాలాల్లో పగులు, ఐదో వానాకాలానికి అపార్ట్‌మెంట్ బోర్డు. ఎవరైనా ఒకరు రోజూ తలుపు తీసే పని ఏదైనా, టైలర్ షాపు అయినా సరే, లైబ్రరీ అయినా సరే, పెడితే బాగుండేది కదా అనిపిస్తుంది.

యూదులంటే మనకేం సంబంధం, ఎక్కడో కేరళ సంగతి అని మావారు మొదట అన్నారు. సంబంధం లేకపోవడమేంటి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, బెనే ఎఫ్రాయిమ్ అంటారు, వాళ్లకి చిన్న సమాజ మందిరం కూడా ఉంది. ఇక మన హైదరాబాద్‌లో అయితే గోల్కొండ నవాబుల కాలంలో, 1640లలో, సర్మద్ అనే ఫార్సీ కవి కొంతకాలం ఉన్నాడు, ఆయన పుట్టుకతో యూదుడే, తర్వాత ఢిల్లీ వెళ్తే 1661లో ఔరంగజేబు చంపించాడు, ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గరే ఆయన సమాధి, ఇప్పటికీ జనం పూలు పెడతారు. ఇదంతా ట్రైన్లో మా తమ్ముడు పంపిన వాటిలో చదివి మావారికి చదివి వినిపించా, ఆయన ఫోన్ పక్కన పెట్టి విన్నారు.

సరే, అసలు కొనుగోలు సంగతి. కేరళ వచ్చి మిస్ కేరళ కొనవా అని మా తమ్ముడు అడిగాడు, అంటే డెనిసన్ బార్బ్, ముక్కు నుంచి నడుం దాకా ఎర్ర గీత, దాని కింద నల్ల గీత, పడమటి కనుమల వాగుల్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. చాలా ఇష్టమే కానీ వద్దన్నా. అది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న చేప, పైగా పారే చల్లటి నీళ్లు, గుంపుగా ఉండడం, పొడవాటి ట్యాంక్ దానికి కావాలి, మల్కాజిగిరి మే నెల ఎండలో నా మూడడుగుల ట్యాంక్‌లో దాన్ని పెట్టడం పాపం. మా బోరు నీళ్లు బాగా హార్డ్, దానికి నప్పేవి గప్పీలు, మోలీలు, అందుకని మా బాబు ఎంచుకున్న ఆరు గప్పీలు, రెండు మగవి, నాలుగు ఆడవి, ఒక ఎర్ర ఆంథూరియం మొక్క తీసుకున్నాం. రేట్లు మన దగ్గరి రేట్లకి అటూ ఇటూగానే ఉన్నాయి, బేరం ఆడలేదు, ఆడాలనిపించలేదు. మనం ఇచ్చే ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చూశాక ఇంకో మొక్క తీసుకుందామనే అనిపిస్తుంది.

దూరం పోవాలి, ఒక పగలు ఒక రాత్రి ట్రైన్ అని చెప్తే ప్యాకింగ్ దానికి తగ్గట్టు చేసిచ్చారు. దీని గురించి కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే చేపలు చచ్చేది ఎక్కువగా ఇక్కడే. కవర్లో మూడో వంతే నీళ్లు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్, నీళ్లు ఎక్కువ ఉంటే మంచిది అనుకుంటాం కానీ కాదు, గాలి ఎక్కువ ఉండాలి. మూతి మెలితిప్పి, మడిచి, రబ్బరు బ్యాండ్ గట్టిగా నాలుగు చుట్లు. ఒక కవర్ మీద ఇంకో కవర్. ఒక్కో దాంట్లో మూడే చేపలు. పైన న్యూస్‌పేపర్, వెలుతురు తగలకపోతే కంగారు పడవు, కదలవు. మేము బయల్దేరే రోజు పొద్దున్న వచ్చి తీసుకుంటామని ముందే చెప్పి పెట్టాం కాబట్టి ముందు రోజు మేత వేయకుండా ఉంచారు, కడుపు ఖాళీగా ఉంటే నీళ్లు పాడుకావు. థర్మాకోల్ డబ్బా మేమే కొన్నాం.

ఎర్నాకుళం టౌన్‌లో శబరి ఎక్కాం. డబ్బా కింది బెర్త్ కింద పెట్టి అత్తమ్మ దాని పక్కనే కాళ్లు పెట్టుకుని పడుకుంది, రాత్రి ఎవరో సూట్‌కేసు జరపబోతే "బాబూ, పానాలున్నయ్ అండ్ల" అని లేచి కూర్చుంది. సికింద్రాబాద్‌లో దిగి ఇంటికి చేరగానే లైట్లు ఆపేసి, కవర్లు విప్పకుండా అలాగే ట్యాంక్ నీళ్ల మీద ఇరవై నిమిషాలు తేలనిచ్చా, తర్వాత మూతి విప్పి ఐదేసి నిమిషాలకి ఒక చిన్న కప్పు ట్యాంక్ నీళ్లు పోస్తూ గంటసేపు కూర్చున్నా, అక్కడి నీళ్లకి మన బోరు నీళ్లకి చాలా తేడా కదా, తొందరపడితే తట్టుకోలేవు. చివర్లో నెట్‌తో పట్టి చేపల్ని మాత్రమే వదిలా, కవర్ నీళ్లు ట్యాంక్‌లో పోయలేదు. ఆరుకి ఆరూ బతికాయి. మా బాబు రాత్రి పదకొండింటి దాకా ట్యాంక్ ముందు నుంచి లేవలేదు.

ఇది జరిగి ఇప్పటికి ఏడు వారాలు. ఆంథూరియం వంటింటి కిటికీ దగ్గర పెట్టా, ఎండ నేరుగా పడకుండా, కొత్త ఆకు వేసింది. ఆడ గప్పీల్లో రెండింటికి పిల్లలు పుట్టాయి, మొదటిదానికి పద్దెనిమిది, రెండోదానికి ఎన్నో లెక్క అందలేదు, నాచులో దాక్కుంటున్నాయి, కనురెప్ప వెంట్రుకంత ఉన్నాయి. వాటిని బాల్కనీ టబ్బులో వేరు చేశా. నెలకి తోకలకి రంగు వస్తుంది. మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, ఆనంద్‌బాగ్ వైపు ఎవరైనా గప్పీలు పెంచేవాళ్లుంటే కామెంట్‌లో చెప్పండి, ఊరికే ఇస్తా, డబ్బా మాత్రం మూత ఉన్నది తెచ్చుకోండి.